కొలువెక్కిన కారు

ఆ ఆదివారానికి తిరుపాలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి లేవాలి. కాఫీ తాగి, స్నానం చేసి, అటక మీది చెప్పుల డబ్బా దించుకుని, కాటన్‌పేటలో బస్సెక్కి జయనగర్ నాలుగో బ్లాకులో దిగాలి. పదకొండు లోపల ఆ డబ్బాలో ఉన్నది తీసి ఒక బల్ల మీద పెట్టాలి. హొసకోటె దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్స్ సెక్షన్లో ఇరవై ఆరేళ్ళుగా నట్లూ బోల్టులూ ఇచ్చి సంతకాలు తీసుకుంటున్న మనిషికి ఇంతకంటే పెద్ద ప్లాన్లు వేసుకునే ఓపిక ఎక్కడిది?

డబ్బాలో ఉన్నది ఒక కారు. జానెడు పొడవు కూడా ఉండదు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి కారు తయారుచేసుకునే కిట్టొకటి, అవెన్యూ రోడ్డు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య అతనికి దొరికింది. డబ్బా మీద బొమ్మేమో తాతల కాలం నాటి నల్ల మోటారు కారుది. లోపల సగం ముక్కలు లేవు. ఇంకొకరైతే అమ్మినవాణ్ణి తిట్టుకుని పారేసేవారు. తిరుపాలు మాత్రం, ఎలాగూ సగం నేనే చెయ్యాలి కదా, అలాంటప్పుడు మామూలు కారెందుకు, షో కారే చేద్దాం అనుకున్నాడు. షో కారంటే రోడ్డు మీద తిరిగేది కాదు, నలుగురూ చుట్టూ నిలబడి చూసేది.

టాపు అడ్డంగా కోసి కిందికి దించాడు. బానెట్టు తీసేసి ఇంజను బయటికి కనబడేట్టు పెట్టాడు. వెనక చక్రాలు లావువి వేశాడు. పక్కన పొగగొట్టాలకు అయిపోయిన బాల్‌పెన్ రీఫిళ్ళు వాడాడు, ఇంజను తళతళలకు సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం. సీట్లకు భార్య కమలమ్మ పెళ్ళినాటి వెల్వెట్ జాకెట్టు చెయ్యి ఒకటి పోయింది. రంగు కూడా ఆవిడ గోళ్ళరంగే, పదకొండు పూతలు. రోజూ పొద్దున ఆఫీసు బస్సు వచ్చేలోపల, తల్లి పూజలో ఉండగా, గంట చొప్పున పద్నాలుగు నెలలు పట్టింది.

ఊళ్ళో మోడళ్ళు చేసుకునేవాళ్ళ క్లబ్బొకటి ఆ ఆదివారం మొదటిసారి పోటీ పెట్టింది. బహుమతి మీద తిరుపాలుకు ఆశ లేదు. తెలిసినవాడు ఒకడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ కారును సరిగ్గా చూడాలి. అతని కోరిక అంతే. తల్లికి చూపించలేదు. కమలమ్మ చూసింది. "ఆటసామానా?" అంది, "నా జాకెట్టు!" అంది, అంతకుమించి ఏమీ అనలేదు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి అలాంటిదానికి కష్టపెట్టుకుంటే బాగుండదు కాబట్టి అతను బయటికి ఏమీ అనలేదు గానీ, చాలా కష్టపెట్టుకున్నాడు.

ఏడుంపావుకు అటకెక్కి చూస్తే చెప్పుల డబ్బా ఉంది, డబ్బాలో దూది ఉంది, కారు లేదు.

"కమలా! నా బండి యాడికి పోయింది?"

"హాల్లో ఉండాది, చూడండి," అని వంటింట్లోంచి జవాబు వచ్చింది. "నన్నేమీ అడగొద్దండి. అత్తమ్మను అడగండి."

హాల్లో ఐదు మెట్లు. నవరాత్రి మొదటి రోజు. తిరుపాలు తల్లి ఆదెమ్మ డెబ్బై ఆరేళ్ళ మనిషి. తెల్లవారకముందే లేచి, కలశం పెట్టి, బొమ్మల కొలువు తీర్చేసింది. పై మెట్టు మీద చెక్క రాజూ రాణీ ఉన్నారు. మూడో మెట్టు మీద, మట్టి శెట్టి దంపతులకూ ఆవుకూ మధ్య, ఎర్రగా మెరుస్తూ కారు ఉంది. ఇంజను మీద పసుపు, కుంకుమ బొట్లు. పొగగొట్టాలకు కుంకుమద్దిన దూది వస్త్రం. స్టీరింగు వెనక ఒక చిన్న చెక్క పెళ్ళికూతురు.

"అమ్మా! ఇదేందమ్మా?"

"ఈ ఏటి కొత్త బొమ్మ. ఏడాదికొకటి కొత్తది పెట్టాలని నీకు తెలీదా? పోయి కొనేకి నాకు కాళ్ళు లేవు, నీకు తీరిక లేదు. అటక మీద చూస్తే ఎర్రగా లక్షణంగా ఉండాది. అమ్మవారే చూపిచ్చింది."

"సరే, ఆ పెళ్ళికూతురెందుకు దాంట్లో?"

"ఖాళీ బండి పెడతారా అప్పా?"

తిరుపాలు గోడ గడియారం చూశాడు. "ఈ పూటకు నాకియ్యి. సాయంత్రానికి మళ్ళీ తెచ్చి పెడతా."

"తీసేదా!" ఆదెమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "కలశం పెట్టినాక విజయదశమి దాకా ఒక్క బొమ్మను కదిలించకూడదు. మీ నాయన ఒకసారి కాఫీ లోటా పెట్టుకునేకి చోటు లేదని ఏనుగును ఇంత జరిపినాడు. ఆ నెల్లోనే కోలారుకు ట్రాన్స్‌ఫర్ అయింది."

"ఆ ట్రాన్స్‌ఫర్ కోసం నాయన ఆరు నెల్లు తిరిగినాడు కదమ్మా."

"నువ్వు సుమ్నే ఉండు, మాట్లాడొద్దు."

తల్లితో వాదించే ఓపిక తిరుపాలుకు ఎప్పుడో ముప్పయ్యేళ్ళ కిందటే అయిపోయింది. వాదన కంటే అబద్ధం తేలిక. పైగా త్వరగా అయిపోతుంది. అందుకని అతనొక అబద్ధం ఆడాడు.

"అది మనది కాదమ్మా. మా ఆఫీసర్ మల్లికార్జున్ సార్‌ది. భద్రంగా పెట్టమని ఇచ్చినాడు. ఈ పూటే ఇచ్చేయాల."

ఆదెమ్మ మొహం తెల్లబోయింది. "అయ్యో శివనే! పరుల సొమ్ము తెచ్చి మెట్టు మీద పెట్టినానా? ముందే చెప్పేకేమప్పా నీకు? అట్లయితే అది ఉండకూడదు. ఎవరిది వాళ్ళకు చేరాల."

ఇంత సులువుగా పని అవుతుందని తిరుపాలు అనుకోలేదు. సంతోషంగా స్నానానికి వెళ్ళాడు. టవలు అందిస్తూ కమలమ్మ గొంతు తగ్గించి, "అబద్ధమే కదా?" అంది.

"నీకెందుకు?"

"మీ ఇష్టం. మీ అమ్మ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు."

అతను స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆదెమ్మ ఫోను పెట్టేస్తోంది. పక్కన కింది వాటా అమ్మాయి కావ్య, ఫోను నంబర్ల డైరీ పట్టుకుని నిలబడి ఉంది. ఆదెమ్మకు అంకెలు రావు; నంబరు తిప్పడానికి ఆ పిల్లను పైకి పిలిపించుకుంది.

"ఎవరికమ్మా ఫోను?"

"మీ ఆఫీసర్ ఇంటికి. ఆయన పెండ్లాం ఎంత మంచి పిల్లప్పా! మీ ఇంటి వస్తువొకటి మా అమ్మవారి కాడ ఉండాది, వచ్చి తీసుకోండి తల్లీ అంటే, అప్పుడే బయల్దేరినారు."

తిరుపాలు టవలు చేతిలో పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "నాకిస్తే నేనే ఇచ్చి వచ్చేవాణ్ణి కదమ్మా."

"నీకిస్తే బస్సులో తీసుకుపోతావు. అమ్మవారి పక్కన కూర్చున్న వస్తువు. తాంబూలంలో పెట్టి ఆ ఇంటి ఆడబిడ్డ చేతికే ఇయ్యాల."

మల్లికార్జున్ ముప్పై ఐదేళ్ళవాడు. విజయవాడ నుంచి బదిలీ అయి వచ్చి నాలుగు నెలలైంది. మంచివాడే. కాకపోతే రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఎవరైనా తనకు లంచం ఇస్తారేమోనని అతనికి ఎప్పుడూ భయం. రెండోది, "నాకు తెలియదు" అన్న మాట అతని నోట్లోంచి రాదు. తిరుపాలు ప్రమోషన్ ఫైలు రెండు నెలలుగా అతని టేబుల్ మీదే ఉంది. అతని భార్య వరూధినికి ఈ ఊళ్ళో ఎవరూ తెలియదు, నాలుగు నెలల్లో ఒక్కరూ పేరంటానికి పిలవలేదు. ఆదెమ్మ ఫోనుతో ఆవిడ పట్టుచీర కట్టుకుని, మొగుడు గడ్డం గీసుకోవడం పూర్తికాకముందే కారెక్కించి తీసుకొచ్చేసింది.

తొమ్మిదింటికల్లా వరూధిని పీట మీద కూర్చుని ఉంది. ఆదెమ్మ ఆవిడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కారులోని పెళ్ళికూతుర్ని జాగ్రత్తగా దించుకుని, ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, కొబ్బరికాయ, జాకెట్టు ముక్క, వాటి మధ్య కారు పెట్టి ఇచ్చింది.

"మీ సొమ్ము మీకు చేరింది తల్లీ. నాకింగ నిశ్చింత."

"అబ్బ, ఎంత బావుందో మామ్మగారూ! ఏవండీ, చూడండి, మనకేనట!"

మల్లికార్జున్ చూశాడు. చూసి, తిరుపాలు భుజం పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళాడు.

"ఏంటండీ తిరుపాలు గారూ ఇది? మీ ఫైల్ నా టేబుల్ మీద ఉండగా ఫ్యామిలీతో ఇంటికి పిలిపించి గిఫ్టా? అదీ ఫారిన్ ఐటమ్! విజిలెన్స్ వాళ్ళకి తెలిస్తే నా జాబ్ పోతుంది, మీదీ పోతుంది."

"గిఫ్టు కాదు సార్."

"మరి మీ అమ్మగారు నాదంటున్నారేంటి? నేను దాన్ని లైఫ్‌లో చూడలేదు."

గుమ్మం దగ్గర నిలబడి ఆదెమ్మ వింటోంది. "సార్‌దే కదప్పా?"

తిరుపాలు ఇటు చూశాడు, అటు చూశాడు. సార్‌దంటే లంచం. తనదంటే అమ్మవారి ముందు, పండగ పూట, అమ్మతో అబద్ధమాడినట్టు. వరండాలో ఆ రెంటికీ మధ్య నిలబడటానికి మిగిలింది ఒక్కటే జాగా.

"కంపెనీది సార్."

ఆదెమ్మ తృప్తిగా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ దృష్టిలో ఆఫీసరూ కంపెనీ ఒకటే. మల్లికార్జున్ దృష్టిలో మాత్రం కాదు.

"కంపెనీ ప్రాపర్టీనా? మీ ఇంట్లో ఎందుకుంది?"

"డిజైన్ వాళ్ళ శాంపిల్ సార్. జయనగర్లో ఎగ్జిబిషనుకు పెట్టాల. పదకొండు లోపల. నాకిచ్చేస్తే నేను పెట్టి వస్తా."

ఇంకో ఆఫీసరైతే ఏ సెక్షను, ఎవరి సంతకం, గేట్ పాసేది అని నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. అప్పుడు తిరుపాలు అన్నీ ఒప్పేసుకునేవాడు, అందరూ ఉప్మా తిని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళేవారు. మల్లికార్జున్ అడగలేదు. అడిగితే తనకు తెలియదని తెలిసిపోతుంది.

"ఓ… ఆ ప్రాజెక్టా," అన్నాడు నిదానంగా తలూపుతూ. "మీటింగ్‌లో అనుకున్నాం. కంపెనీ తరఫున రెస్పాన్సిబుల్ పర్సన్ ఒకరు ఉండాలి కదా. పదండి, నేనే వస్తాను."

ఉప్మా తిని బయల్దేరేసరికి పది దాటింది. వరూధిని వెనక సీట్లో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిరుపాలు నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. తాంబూలం పళ్ళెం దారిలో చేతులు మారకూడదని మామ్మగారు చెప్పారట. ముందు సీట్లో మెడ వెనక్కి తిప్పుకుని, ప్రతి గతుక్కీ కొబ్బరికాయ దొర్లి కారు మీద పడుతుందేమోనని చూస్తూ లాల్‌బాగ్ దాటేసరికి అతని మెడ పట్టేసింది.

హాలు ఒక కల్యాణమంటపం మేడ మీద. కింద పేవ్‌మెంటు నిండా కొలువు బొమ్మలు అమ్ముతున్నారు. వరూధిని జాగ్రత్తగా పళ్ళెం మొగుడి చేతుల్లో పెట్టి, పది నిమిషాల్లో వస్తానని బొమ్మల దగ్గర ఆగిపోయింది. మొగుడి చేతులు పరాయి చేతుల లెక్కలోకి రావట.

మేడ మీద రిజిస్టరు ముందు క్లబ్బు సెక్రటరీ అభిజిత్ కూర్చుని ఉన్నాడు. పదకొండుకు మూడు నిమిషాలు ఉంది.

"బిల్డర్ నేమ్ రాయండి సార్."

పెన్ను మల్లికార్జున్ అందుకున్నాడు. కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. దాని కింద ప్రతినిధి అని తన పేరు, హోదా రాసి, సంతకం పెట్టి, తేదీ కూడా వేశాడు. ఆ గడిలో తన పేరు ఎలా రాయాలో, ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో తిరుపాలు పద్నాలుగు నెలలుగా అనుకుంటూనే ఉన్నాడు. నోరు తెరిచాడు. ఏం చెప్పాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని తేల్చుకునేలోపల పదకొండయింది. అభిజిత్ రిజిస్టరు మూసేశాడు.

"కంపెనీ ఎంట్రీలకి కాంపిటిషన్ లేదు సార్, ఓన్లీ డిస్‌ప్లే. అది రూల్. అక్కడ వాటర్ డ్రమ్ పక్కన టేబుల్ ఖాళీగా ఉంది."

"ఐ నో, ఐ నో," అన్నాడు మల్లికార్జున్.

పోటీ బల్లల మీద విమానాలు, ఓడలు, ఏడెనిమిది కార్లు ఉన్నాయి. జడ్జి పేరు వెంకటగిరియప్ప. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, లేతు మిషన్ల దగ్గర జీవితమంతా గడిపి రిటైరై, ఇంట్లో చిన్న చిన్న రైలింజన్లు చేసుకుంటూ ఉంటాడు. ఒక్కో బల్ల ముందు రెండు నిమిషాలు ఆగి, కాగితం మీద మార్కు వేసి ముందుకు పోతున్నాడు. అన్నీ అయ్యాక మంచినీళ్ళ కోసం డ్రమ్ము దగ్గరికి వచ్చాడు. గ్లాసు అందుకుంటూ పక్కకు చూశాడు. గ్లాసు పెట్టేసి జేబులోంచి భూతద్దం తీశాడు.

వంగాడు. చాలాసేపు లేవలేదు. ఒక పక్క చూసి, రెండో పక్కకు వెళ్ళి చూసి, మోకాళ్ళ మీద కూర్చుని అడుగుభాగం చూశాడు.

"ఇది కంపెనీదా?"

"అవునండీ, మా లేటెస్ట్ ప్రాజెక్ట్," అన్నాడు మల్లికార్జున్.

"ఈ పైపులు ఏంది?"

"స్పెషల్ అల్లాయ్."

"రంగు?"

"ఇంపోర్టెడ్ అండీ."

ముసలాయన ముక్కు దగ్గరపెట్టి వాసన చూశాడు. నడుం పట్టుకుని మెల్లగా లేచాడు. "ఏ మిషనూ ఇంత ఓపిగ్గా చెయ్యదు సామీ. ఇది ఎవరో కూర్చుని చేసినారు. ఎవరో గాని చానా బాగా చేసినారు. ఎడమ పక్క తలుపు సందు మాత్రం వెంట్రుకవాసి ఎక్కువుండాది."

ఆ సందు సంగతి ప్రపంచంలో తిరుపాలు ఒక్కడికే తెలుసు. మూడు వారాలు దానితో కుస్తీ పట్టాడు. ఎవరికీ కనబడదులే అని వదిలేశాడు గానీ, ఎవరికీ కనబడదే అని లోపల్లోపల ఏడ్చుకున్నాడు కూడా.

"రెండు సార్లు విప్పి మళ్ళీ అతికించినా సార్," అన్నాడు. "కుడిది కుదిరింది. ఎడమది నా వల్ల కాలేదు."

మల్లికార్జున్ అతని వైపు తిరిగాడు. ఇక ఆగడం తిరుపాలు చేతుల్లో లేదు.

"నేనే చేసినా సార్. పైపులు రీఫిళ్ళు. రంగు మా ఇంటామె గోళ్ళరంగు, పదకొండు పూతలు. కంపెనీది కాదు, మా ఆఫీసర్‌ది కాదు. నాది."

వెంకటగిరియప్ప అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "రిజిస్టర్లో నీ పేరుండి ఉంటే ఈ పొద్దు ఫస్టు ఇదే అప్పా," అని, భుజం మీద ఒకసారి తట్టి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఫస్టు ఒక విమానానికి వచ్చింది. తిరుపాలు చప్పట్లు కొట్టాడు. నిజంగానే కొట్టాడు. పెళ్ళయిన రోజు కూడా అతనికి అంత సంతోషం కలగలేదు.

మల్లికార్జున్‌కు మాత్రం చెమటలు పట్టాయి. "తిరుపాలు గారూ, ఎంత పని చేశారండీ! కంపెనీ పేరుతో సైన్ చేసింది నేను. ఇది మీ సొంతమని ఆఫీస్‌లో తెలిస్తే నాది ఫాల్స్ ఎంట్రీ అవుతుంది. ప్లీజ్, ఎవరికీ చెప్పకండి. ఎప్పటికీ."

"చెప్పను సార్. బండి ఇచ్చేయండి, నేను పోతా."

"తీసుకోండి బాబూ, తీసుకోండి."

ఇద్దరూ బల్ల వైపు తిరిగారు. వరూధిని అప్పటికే పైకి వచ్చి, సంచీలో నాలుగు మట్టి బొమ్మలతో, కారును పళ్ళెంలోకి ఎత్తుకుంటోంది.

"భలేవారే, తాంబూలంలో ఇచ్చింది వెనక్కి ఎలా ఇస్తామండీ? మామ్మగారు ఏమనుకుంటారు? మనింట్లో ఈసారి కొలువు పెడుతున్నాం. ఇది మధ్యలో, ఇవి చుట్టూ."

మల్లికార్జున్ ఎందుకు వెనక్కి ఇవ్వాలో చెప్పాలంటే మొదటి నుంచి అన్నీ చెప్పాలి. అతను తిరుపాలును చూశాడు, తిరుపాలు అతన్ని చూశాడు. ఇద్దరికీ ఓపిక లేదు.

తిరుపాలు రెండింటికి ఇల్లు చేరాడు. కారు పోయిన బాధ ఉంది గానీ, బస్సులో అంతా ఆ భూతద్దమే కళ్ళ ముందు కదిలింది. ఆ సంతోషంలో ఒళ్ళు మరిచాడు. అన్నం వడ్డిస్తున్న తల్లితో, "ఒక పెద్దాయన అరగంట చూసినాడమ్మా. ఎవరు చేసినారంటే నేనే అని చెప్పినా," అన్నాడు.

ఆదెమ్మ గరిటె ఆగింది. "నువ్వే చేసినావా?"

"నేనే."

"అయితే అది మన బండేనా?"

వంటింట్లో కమలమ్మ గిన్నెలు కడగడం ఆపేసింది.

"మన కొలువు బొమ్మను మొదటి రోజే నా చేతుల్తో ఇల్లు దాటించినానా! నువ్వు చెప్పిన మాట నమ్మి!" ఆదెమ్మ కళ్ళు తుడుచుకుంది. తిరుపాలుకు అప్పుడు నిజంగా సిగ్గేసింది. కాసేపటికి ఆవిడే తేరుకుని తీర్పు చెప్పింది. తాంబూలం వెనక్కి అడగకూడదు, అది మనదని అనకూడదు. కొలువులో కూర్చున్న బొమ్మకు హారతి తప్పకూడదు. "అది ఇంగ రాదు కాబట్టి మనమే పోవాల. విజయదశమి దాకా. రోజూ."

ఆ సాయంత్రం నుంచి మొదలైంది. సోమవారం నుంచి తిరుపాలు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి, మొహం కడుక్కుని, తల్లిని తీసుకుని బస్సులో మార్కెట్టుకు, అక్కణ్ణుంచి ఇంకో బస్సులో మడివాళలోని ఆఫీసర్ ఇంటికి వెళ్ళేవాడు. ఆదెమ్మ కారు ముందు కూర్చుని పాట పాడి, హారతి ఇచ్చేది. వరూధినికి పట్టరాని సంతోషం, పేరంటాండ్రకు ఆదెమ్మను పెద్దదిక్కుగా చూపించేది. ఆఫీసులో పగలంతా కనబడే క్లర్కు సాయంత్రం హాల్లో కూడా కనబడుతుంటే మల్లికార్జున్ బెడ్రూములోంచి బయటికి రావడం మానేశాడు. ప్రమోషన్ ఫైలు ముట్టుకోవడానికి కూడా భయపడి, దాని మీద ఇంకో ఫైలు పెట్టాడు.

ఎనిమిదో రోజు ఎదురు ఫ్లాటులోని గీతాంజలి అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి గుగ్గిళ్ళ దొన్నెతో తిరుపాలు పక్కన కూర్చుంది. అతను రోజూ అదే కుర్చీలో కూర్చుని రెప్పవెయ్యకుండా కారునే చూస్తున్నాడని ఆ అమ్మాయి గమనించింది. మనసు మంచిది.

"అంకుల్, మీకంత ఇంట్రెస్ట్ ఉంటే ఊరికే చూస్తూ కూర్చోవడం ఎందుకు? ఏదైనా హాబీ క్లాస్‌లో జాయిన్ అవ్వండి. ఈ ఏజ్‌లో కూడా నేర్చుకోవచ్చు. ఫస్ట్‌లో ఇంత బాగా రాదనుకోండి."

బెడ్రూము తలుపు సందులోంచి మల్లికార్జున్ రెండు చేతులూ జోడించాడు. తిరుపాలు నోట్లో గుగ్గిళ్ళు మింగి, ఆదివారాలు కూడా క్లాసులుంటాయేమో కనుక్కోమన్నాడు.